బకెట్ల పిన్ని మాట తప్పిన వారం

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. చేసేది కుట్టుపని కాబట్టి న్యాయంగా కుట్టు పిన్ని అనాలి. కానీ ఆ ఇంట్లో అడుగు పెట్టగానే కాళ్ళకు తగిలేవి బకెట్లు. అందుకని బకెట్ల పిన్ని అయి కూర్చుంది.

వానలు మొహం చాటేసే ఊరు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడే వచ్చినట్టు. పిన్ని ఇంట్లో నీళ్ళు ఒక్క పనితో బయటపడడానికి వీల్లేదు. కూరగాయలు కడిగినవి తెల్ల బకెట్టులోకి, అక్కణ్ణించి పూలకుండీలకు. బట్టలు జాడించినవి నీలం బకెట్టులోకి, గచ్చు తుడవడానికి. స్నానాల నీళ్ళు మాత్రం పెరటి గుంటలో కంకర, ఇసుక గుండా ఇంకి, మెట్టతామర మొక్కల్ని దాటి నిమ్మచెట్టును చేరాలి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు సైతం చెయ్యి కడుక్కుని "ఇవి ఏ బకెట్టులో పొయ్యాలి?" అని అడిగి తీరాలి. అడగనివాళ్ళకు ఆ ఇంట్లో రెండోసారి మంచినీళ్ళు దొరకడం కష్టమే.

ఈ హడావుడంతా ఆ నిమ్మచెట్టు కోసమే. ఎండాకాలం రేకుల గదిలో మనిషి ఉడికిపోతాడు. చెట్టు నీడలో మిషను వేసుకున్నాకే పిన్ని పని నిలదొక్కుకుంది. చెట్టు పోతే కుట్టుపనీ పోయినట్టే.

అలాంటి చెట్టుకే ముప్పు వచ్చిపడింది. గుంటను ఆనుకుని ఉన్న గోడకు అటువైపు ఇంటి ఓనరు పడకగది. ఆ గోడ చెమ్మెక్కి సున్నం పెచ్చులూడుతోంది.

"ఇది మీ గుంట నీళ్ళ పనేనమ్మా," అన్నాడాయన. మంచి మనిషే, కానీ ఆ రోజు ఒక పెచ్చు సరాసరి ఆయన దిండు మీదే పడింది. "మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి వారంలో వస్తాం. అప్పటిదాకా గుంటలో చుక్క పడకూడదు. గోడ ఆరిందో, గుంట పూడ్చెయ్యాల్సిందే. ఆరకపోతే మిమ్మల్ని ఇంకేమీ అనను."

పిన్ని మాటిచ్చింది. గుంటలోకి వెళ్ళే స్నానాల కాలువకు గుడ్డ కుక్కి, ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టింది.

"మాటంటే మాటే. వాడిన నీళ్ళన్నీ వీధి కాలువలోకి. ఎవరైనా గుంట వైపు వెళ్ళారో, ఊరుకోను."

భర్త బుద్ధిగా తలూపాడు. అత్తగారూ కూతురూ కూడా ఊపారు.

మొదటిరోజు వీధి కాలువలో బకెట్టు కుమ్మరిస్తుంటే పిన్నికి ప్రాణం ఉసూరుమంది. మర్నాడు అందరూ లేవకముందే ఒక్క చెంబుడు నీళ్ళు తీసుకెళ్ళి, దొంగలా అటూ ఇటూ చూసి, చెట్టు కోసం గుంటలో పోసేసింది. ఆ తర్వాత రోజూ అంతే. ఒక్క చెంబుకే చెట్టు ఇంత పచ్చగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోయింది గానీ, ఎవరిని అడుగుతుంది?

ఓనరు తిరిగొచ్చి గోడ తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు.

"చూశారా అమ్మా? పూడ్చడానికి మనిషిని పిలుస్తాను."

నోరు మూసుకుంటే చెట్టు పోతుంది, తెరిస్తే పరువు పోతుంది. పిన్ని చెట్టు వైపు ఒకసారి చూసింది.

"నేను మాట తప్పానండీ. గుంటలో రోజూ ఒక చెంబు పోశాను."

"నువ్వా!" అత్తగారు నోరెళ్ళబెట్టింది.

"చెంబుడు నీళ్ళకి గోడ తడుస్తుందా ఏంటమ్మా," అని కొట్టిపారేశాడు ఓనరు.

భర్త గొంతు సవరించుకున్నాడు. "నేను బకెట్టే పోశానండీ. నా స్నానం నీళ్ళు. పారబొయ్యడానికి చేతులు రాలేదు."

"బట్టలు జాడించినవి నేను పోశాను బాబూ," అంది అత్తగారు. "కోడలు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడు."

"నా స్నానం నీళ్ళు నేనూ పోశాను," అంది కూతురు నేల చూస్తూ. "తలంటుకున్నవి కూడా."

పిన్ని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది. కోపం రావాలి, రాలేదు. గుంటలో ఏ వారమూ పడనన్ని నీళ్ళు ఆ వారం పడ్డాయి.

"మరి గోడెలా ఆరింది?" ఓనరు బుర్ర గోక్కున్నాడు. తలెత్తి మేడ వైపు చూసి, "ఊరెళ్తూ పైన మా ట్యాంకు వాల్వు కట్టేశాను," అన్నాడు నెమ్మదిగా.

వెళ్ళి వాల్వు తిప్పాడు. సాయంత్రానికి పాత చోటే గోడ మళ్ళీ చెమ్మగిల్లింది. కారుతున్నది గోడలోపలి ఆయన పైపే. ఆ కబురు వినగానే పిన్ని మిషను ముందు కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే అమ్మయ్య అనుకుంది, నవ్వింది, చెట్టు కింద రాలిన ఆకులు ఏరింది.

మర్నాడు ప్లంబరు గోడ పగలగొట్టాడు. నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడి పిన్ని బకెట్టు అందుకునేలోపే, ఓనరు తన బకెట్టు మోసుకుంటూ ఆమె గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చొక్కా సగం తడిసిపోయింది.

"ఇవి ఏ బకెట్టులో పొయ్యాలమ్మా?" అన్నాడు.

పిన్ని చప్పున లేచి కుర్చీ జరిపింది. "ముందు మీరు కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను."