తనంతట తానే పొంగే పిండి

మా మేనత్త పోయింది. కాలువగట్టున నడిచొచ్చిన ఒక ముసలాయన మా బడి గుమ్మంలో నిలబడి, తలమీది గోనె తీయకుండానే చెప్పాడు. "అమ్మా, మీ మేనత్తగారు తెల్లారగట్ల కాలం చేశారండి. వాన ముదరకముందే పడవెక్కమన్నారండి మీ మావయ్యగారు." పిల్లల్ని ఇళ్ళకు పంపేసి పలకలన్నీ బల్లకింద పడేసి బయల్దేరాను. దారిలో ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఒళ్ళంతా కోపం. ఆ కోపం ఇంకా దిగలేదు, దిగకముందే ఇది రాస్తున్నాను. చల్లబడ్డాక రాస్తే అందరూ రాసినట్టే "శాంతమూర్తి, సాధుశీల" అని రాసేస్తానేమోనని నా భయం.

మా అత్త సాధువూ కాదు, శాంతమూర్తీ కాదు. కోపమొస్తే చేతిలో గరిటె కుండ అంచుమీద టంగున మోగేది. ఆ మోతకి పక్కింటి పిల్లి కూడా గోడ దిగిపోయేది. కానీ ఆవిడ నోట అబద్ధం వచ్చిందని ఊళ్ళో ఒక్క మనిషి చెప్పలేడు. అదే ఆవిడ ఆస్తి. ఆ ఆస్తినే మా క్రైస్తవ సంఘంవాళ్ళు కాజేశారు.

చదివేవాళ్ళకి మా సంగతి తెలియాలి కాబట్టి చెబుతున్నాను. మాది ద్రాక్షారామానికి అవతల, కాలువ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మావాళ్ళు తాటిచెట్లు గీసి, కల్లు దించి బతికినవాళ్ళు. క్రీస్తు మతంలో కలిసిన రోజున మా నాన్నా మావయ్యా తమ మోకులూ గీతకత్తులూ తెచ్చి ప్రార్థన గుడి మెట్లమీద పెట్టేశారు. ఇక చెట్టెక్కం, కల్లు ముట్టం, అమ్మం అని అందరి ముందూ మాట ఇచ్చారు. ఆ మాటకోసం కూలి చేశారు, పస్తులున్నారు. మావయ్య చేతుల్లో కాయలు మెత్తబడ్డాయి గానీ మాట మెత్తబడలేదు.

అత్త మిషను దొరసానిగారి బంగళాలో వంటకి కుదిరింది. ఈ డెల్టాలో రొట్టె అంటే కల్లురొట్టే. బంగళా బట్లర్లందరూ మైదాలో కల్లు పోసి కలిపి, పొద్దున్నదాకా నానబెట్టి కాల్చేవారు. రొట్టెలో చిల్లులు కనిపించాయంటే కల్లు పడిందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. దొరసానిగారికి కల్లంటే పడదు. ఆవిడకోసం ఇంగ్లండు సీమనుంచి ఓడమీద డబ్బాల్లో ఒక పిండి వచ్చేది. అందులో నీళ్ళో పాలో పోసి కలిపి పొయ్యిలో పెడితే చాలు, తనంతట తానే పొంగేది. కాకినాడలో డబ్బాలు దిగడం ఆలస్యమయ్యేది, దిగినా వర్షాకాలంలో సగం చెమ్మకి గట్టిపడిపోయేవి. ఒకసారి పురుగు పట్టిన డబ్బా విప్పి దొరసానిగారు ఏడుపు మొహం పెట్టారట. "దీనికి ఇంత ఏడుపెందుకండీ, ఇందులో ఏం కలుపుతారో చెప్పండి, నేనే కలుపుతాను" అందట మా అత్త.

ఆవిడ కలిపే తీరు నేను చూశాను. సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ పని నా నెత్తిన పడేది. ముందు మామూలు మైదాని పంచెమీద పల్చగా పరిచి ఎండబెట్టాలి. అది మబ్బు లేని రోజే జరగాలి. సోడా ఉప్పు ఒక పాలైతే, సీమ పుల్లపొడి రెండు పాళ్ళు. ఆ పుల్లపొడి నాలికమీద వేసుకుంటే చింతపండులా జివ్వుమనేది. చిటికెడు ఉప్పు. ఈ మూడూ ముందు విడిగా నూరి, పిండిలో వేసి, పల్చటి గుడ్డలో జల్లించాలి. జల్లించింది మళ్ళీ జల్లించాలి. చేతులు పడిపోతున్నాయి అత్తా అంటే, "సోడా గడ్డ పంటికింద పడితే తినేవాడు తిట్టేది నిన్నేనే, సోడాని కాదు. జల్లించు" అనేది. చివర్లో వేయించిన బియ్యం చిన్న గుడ్డమూట కట్టి డబ్బా అడుగున పెట్టేది, చెమ్మ అది లాగేసుకుంటుందని. మూతచుట్టూ మైనం పూసేది.

"తడి తగలనంతకాలం ఈ పిండి బుద్ధిమంతురాలు. తడి తగిలిందా, ఇక దాన్ని పట్టుకోలేం. వెంటనే పొయ్యిలో పెట్టాలి. చుట్టాలొచ్చారనీ, పక్కింటావిడ పిలిచిందనీ ఆగావా, పొంగంతా గిన్నెలోనే అయిపోయి చెప్పుముక్కలాంటి రొట్టె వస్తుంది" అనేది.

పాత డబ్బా విప్పినప్పుడల్లా ఆవిడకో అలవాటు. గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు పిండి వేసి, గిన్నెమీదికి వంగి చెవి పెట్టేది. ఇంటిల్లిపాదీ నోరు మూసుకోవాలి. మావయ్య దగ్గినా ఊరుకునేది కాదు. బుసబుసమని సన్నగా వినిపించగానే ఆవిడ మొహం విప్పారేది. "బతికే ఉంది" అనేది. అంత కోపిష్టి మనిషి ఆ మాట అంటున్నప్పుడు మాత్రం చంటిపిల్లని ఊయల్లో చూసుకున్నట్టు ఉండేది.

ఆ పిండితోనే ప్రభువు బల్లకి, అంటే ఆదివారం గుడిలో ప్రభువు పేర విరిచి అందరికీ పంచడానికి, రొట్టె చేసి ఇచ్చేది. బంగళాలో ఉన్నంతకాలం ఎవరూ నోరెత్తలేదు. దొరసానిగారు తమ దేశం వెళ్ళిపోయారు, బంగళాకి తాళం పడింది. అత్త ఇంటిదగ్గరే కుండలో, పైనా కిందా నిప్పులు వేసి రొట్టె కాల్చడం మొదలుపెట్టింది. మొదటి ఆదివారమే మా సంఘపెద్ద ఆ రొట్టెని విరిచి, లోపల చిల్లులు చూసి, వాసన చూసి, పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

"ఏంటమ్మా ఇది? ప్రభువు బల్లమీద కల్లురొట్టె పెట్టావా?"

"కల్లు లేదండి. పిండిలోనే ఉందండి పొంగు."

"కల్లు లేకుండా రొట్టె పొంగుతుందా? మేమేం వెర్రివాళ్ళమా? పుట్టిన ఇంటి బుద్ధి ఎక్కడికి పోతుందిలే."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనవాళ్ళు ఊరికే అనలేదు. చెట్టు దిగి అన్నేళ్ళయినా మా ఒంటిమీద తాటిచెట్టు నీడ ఉందని ఆయనకి కనిపించింది. ఆ మాట అన్న మనిషి పొలాల్లో కూలీలకి సాయంత్రం కల్లుకుండ పంపించి పని చేయించుకునేవాడని ఊరందరికీ తెలుసు. అది కూలీలు తాగేది, ఆయనకి పాపం అంటదు!

పెద్దల ఎదుట పిండి కలిపి చూపిస్తే సరే, లేదా తప్పయిందని మోకాళ్ళూనితే సరే, రెండూ కాకపోతే బల్లకి దూరం. అదీ తీర్పు. అత్త రెండూ చెయ్యనంది.

ఈ చోట నాకు ఆవిడమీద కూడా కోపమే. ఆ సంగతి నేనెందుకు దాచాలి? అప్పుడు వెళ్ళి బతిమాలాను.

"అత్తా, ఒక్కసారి కలిపి చూపించేస్తే ఏం పోతుందే? చిటికెలో పని."

"ఏం పోతుందా? నా మాట పోతుంది. లేదని చెప్పానా, లేదా? రేపు పాలు తెస్తే నీళ్ళు కలపలేదని చూపించమంటారు. ఎల్లుండి మొగుడితో కాపురం చేస్తున్నానని చూపించమంటారు. నా మాట చాలనివాళ్ళకి నా రొట్టె అక్కర్లేదులే."

"నీ మొండితనం తగలెయ్యా! బల్లకి దూరమైపోతావే."

"నేను దూరమవ్వట్లేదు. బల్లే జరిగిపోతోంది" అని గరిటె టంగుమనిపించి లోపలికి పోయింది.

ఆ తరువాత ప్రతి ఆదివారం వెళ్ళేది. మానేస్తుందనుకున్నవాళ్ళ నోళ్ళు మూయించి, ఉతికిన చీర కట్టుకుని, వెనకవరస చాపమీద కూర్చునేది. రొట్టె పళ్ళెం వరసలో వస్తూ వస్తూ ఆవిడ దగ్గర ఎగిరి పక్కావిడ చేతిలో పడేది. అత్త మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని తిన్నగా ముందుకి చూస్తూ ఉండేది. మావయ్య కూడా పళ్ళెం ముట్టడం మానేశాడు. ఆయన్ని ఎవరూ వెలివెయ్యలేదు, ఆయనంతట ఆయనే మానేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. బల్లకి రొట్టె చేసే పని సంఘపెద్ద భార్యకి వెళ్ళింది. ఆవిడ చేసిన రొట్టె కత్తికి కూడా తెగేది కాదు. కొన్నాళ్ళు చూసి సంఘపెద్ద కాకినాడ వెళ్ళి సీమసరుకుల దుకాణంలో ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. ఏ డబ్బా అనుకున్నారు? దొరసానిగారికి ఓడమీద వచ్చే డబ్బాయే! తనంతట తానే పొంగే పిండి! పైన ఇంగ్లీషు అక్షరాలు, బంగారు రంగు అంచు. ఆ ఆదివారం రొట్టె విరిస్తే లోపల తేనెపట్టులా చిల్లులే చిల్లులు. ఒక్కరు వాసన చూడలేదు. ఒక్కరు కల్లు మాట ఎత్తలేదు. "సీమపిండి కదండీ, అలాగే పొంగుతుందండీ" అని సంఘపెద్ద భార్య వరసవరసకీ చెప్పింది. నిశ్శబ్దంగా ఉన్న గుడిలో మా అత్త పకపకా నవ్వింది. నవ్వినందుకు ఇంకో తప్పు వేశారు.

డబ్బామీద అతికించిన కాగితాన్ని నమ్మారు. తమ మధ్య పుట్టి, తమ పిల్లలకి పురుళ్ళు పోసి, తమ చావులకి అన్నం వండిన మనిషి నోటిమాట నమ్మలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు పళ్ళు పటపటమంటాయి. ఇది రాస్తుంటే కలం గీరుకుపోతోంది, అచ్చువేసేవారు క్షమించాలి.

ఆ రోజు పడవ దిగి నేను ఇల్లు చేరేసరికి సంఘపెద్ద అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అత్త లోపల చాపమీద ఉంది. సన్నగా వాన పడుతోంది. గుడిపక్క సమాధుల దొడ్లో చోటు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది, అదే నాకు ఇంకా మండించింది.

"చూడమ్మా, చదువుకున్నదానివి. పోయినవాళ్ళమీద మాకేం పగ? గూట్లో ఆవిడ కలిపిన పిండిడబ్బా ఉందంట కదా. కాసిని నీళ్ళు పోసి చూపించండి. పొంగితే మచ్చ పోయినట్టే. గౌరవంగా దొడ్లోనే పెట్టుకుందాం."

నిజం చెబుతున్నాను, నా చెయ్యి గూట్లోకి వెళ్ళింది. డబ్బా తీశాను కూడా. మూతచుట్టూ మైనం మీద ఆవిడ బొటనవేలి ముద్రలు అలాగే ఉన్నాయి. ఒక్క గిన్నెడు నీళ్ళు, అంతే. ఇన్నేళ్ళ నింద ఆయన మొహంమీదే బుసబుసమని పొంగిపోతుంది. ఆవిడ అమ్మానాన్నల పక్కన పడుకుంటుంది. అంతకన్నా ఏం కావాలి?

మావయ్య వచ్చి నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. సంఘపెద్దవైపు తిరిగి అన్నాడు. "బతికుండగా చూపించలేదండి ఆవిడ. లేదని చెప్పింది, అంతే. ఇప్పుడు నేను చూపిస్తే ఆవిడ మాట అబద్ధమేమోనని నాకూ అనుమానం ఉన్నట్టే కదండీ. నాకు లేదండి."

"మరి దొడ్లో చోటు..."

"అక్కర్లేదండి. మాకు గట్టుందండి."

కాలువ అవతల మావయ్యకి ఒక చిన్న గట్టు ఉంది. ఆయన ఎక్కడం మానేసిన తాటిచెట్లు కొన్ని ఆ గట్టుమీద ఉన్నాయి. మామిడిచెక్క పెట్టె బల్లకట్టుమీద దాటించాం. ప్రార్థన మావయ్యే చేశాడు, చేశాడంటే, "ప్రభువా, నీకు తెలుసు" అని ఊరుకున్నాడు. సంఘంవాళ్ళు మాత్రం ఊరివైపు ఒడ్డునే నిలబడ్డారు. పోయినమనిషికి మర్యాద చెయ్యాలి, అలాగని గట్టు ఎక్కకూడదు. తాటాకు గొడుగుల కింద వరసగా నిలబడి చూస్తున్నారు. కేకేసి తిట్టాలనిపించింది. మావయ్య మొహం చూసి పళ్ళబిగువున ఆపుకున్నాను.

పెట్టె గోతిలోకి దించారు. మొదటి పిడికెడు మట్టి పెనిమిటిది. మావయ్య వంగలేదు. చంకలోంచి డబ్బా తీశాడు. మైనం గోటితో గీరి, మూత తీసి, పిడికెడు పిండి పెట్టె మూతమీద వేశాడు. వాన పడుతూనే ఉంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత ఆ తెల్లటి పిండి కదిలింది. చిన్న చిన్న బుడగలు లేచాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, చినుకు పడ్డచోటల్లా పైకి లేస్తూ పొంగింది. గోతి అంచున ఉన్న మేము చూశాం. కాలువ అవతలివాళ్ళకి కనిపించదు. అది చూడాలంటే దగ్గరికి రావాలి.

పార ఎత్తిన మనిషిని మావయ్య చెయ్యి చాపి ఆపాడు. గోతి అంచున మోకాళ్ళమీద వంగి, తల పక్కకి తిప్పి, చెవి కిందికి పెట్టాడు. మేమంతా నోళ్ళు మూసుకున్నాం. ఆ చప్పుడు అయిపోయేదాకా ఆయన చెయ్యి దించలేదు.