కినోవా గింజల పంచాయితీ

స్కూటీ ఏదని పొద్దటిసంది అందరు అడుగుతున్నరు గదా. చెప్త, గానీ నవ్వొద్దు. నిన్న మేడ్చల్ల నా ఇజ్జత్ వోయింది. వోతే వోయింది, పానం మాత్రం నిమ్మలమైంది.

గౌడవెల్లిల మా చెల్క ఎరుకే గదా, ఏటా అండ్ల మక్కనే. ఈసారి కినోవా ఏద్దామని నాయిన వెంటబడిన. సిటీల అన్నం బదులు తింటరు సూడుండ్రి, గదే. నాయిన మస్తు గులిగి గులిగి ఒక మడి ఇచ్చిండు. "మొలిస్తే వచ్చే ఏడు చెల్కంత నీదే బిడ్డా. మొలవకుంటే ఇగ మక్క జోలికి రావొద్దు" అన్నడు.

గింజలేమో నువ్వులంత సన్నగున్నయ్. మా దిక్కు పావురాలు ఒక్క గింజ మిగల్నియ్యవు. అందుకే మక్క లెక్కనే సాలు లోతుగ తీసిన, గింజలేసిన, మట్టి కప్పి కాలుతోని తొక్కిన గూడా.

"గంత లోతెందుకే?" అన్నడు నాయిన.

"పావురాలకు తెల్వొద్దు."

తెల్వలే. ఒక్క పావురం రాలే, ఒక్క మొలకా రాలే. రోజూ పొద్దుగాల మడికి నీళ్లు పెట్టుడు, గదే తడి చెప్పులతోని స్కూటీ ఎక్కి డ్యూటీకి ఉరుకుడు. వారం దాటింది. నాయిన ఏమన్న అంటే లొల్లన్న పెట్టుకుందును. అనకపాయె. సప్పుడు జెయ్యకుండ మక్క విత్తనం తెచ్చి గూట్లె పెట్టిండు. నాకు కడుపు మండింది.

నిన్న మిగిలిన విత్తనం సంచి స్కూటీ ముందర తగిలేసుకొని మేడ్చల్ షాపుకు వోయిన. షాపు నిండ మనుషులే. "ఏంది అన్నా, సచ్చిన విత్తనం అంటగట్టినవ్? ఒక్కటి మొలిస్తే ఒట్టు" అని అందరి ముందర అర్సుకున్న.

షాపాయన ఎంత శాంతమో. "మంచి విత్తనమే అక్కా. సంచి ఏది, నేనే తడిగుడ్డల కట్టి మొలక సూపిస్త" అన్నడు.

"స్కూటీకున్నది, దా."

నా ఎన్క ఆయన, ఆయన ఎన్క షాపుల జనమంత. సంచి తీసిండు, కింద కాళ్లు పెట్టే మ్యాట్ దిక్కు వంగి సూసిండు. "అక్కా, గిదేంది?"

కాళ్లు ఆనని మూలకు, నా చెప్పుల మట్టిల, పచ్చగ, గుబురుగ మొలకలు.

"ఏదో గడ్డి" అన్న.

"గడ్డి గాదు. నేనిచ్చిన సచ్చిన విత్తనమే."

కొన్ననాడే సంచి మూల చిరిగి గింజలు మ్యాట్ మీద కారినయట, నేను సూస్కోలే. అందరు ఒకటే నవ్వుడు. నాకైతే ఏడుపు, నవ్వు రెండూ వచ్చినయ్. విత్తనం మంచిదే, ఇంక సగం సంచున్నది, నా మడి ఏడికీ వోలే.

"ఎంత లోతుల ఏసినవ్?" అన్నడు. నడిమేలంత అని ఏలు పెట్టి సూపించిన. ఆయన నెత్తి కొట్టుకున్నడు. "గోరంత లోతైతే సాలు అక్కా. మీద పల్సగ మట్టి, తడి ఆరకుండ సూస్కో."

ఇంటికొచ్చి నాయినకు స్కూటీ సూపించిన. "మొలిస్తే అన్నవ్ గదా, మొలిచింది" అన్న.

"మడిల మొలవాలన్న. రేపు మళ్ల ఏద్దాం తియ్" అని గూట్లె మక్క విత్తనం తీసి లోపల పెట్టిండు. అప్పుడు గుండెల మీది బండ దిగినట్టయింది. గానీ ఎన్కనే స్కూటీ తాళం గూడ జేబుల ఏసుకున్నడు.

"గదెందుకు నాయినా?"

"మడి మొలిచేదాంక దీన్ని కదిలియ్యకు బిడ్డా. ఇప్పటికైతే మన పంట గిదొక్కటే."

గందుకే ఇయ్యాల షేర్ ఆటోల వచ్చిన.