తీసేసిన మూడు సీన్లు

తొంభైల చివర్లో, ఒక జూన్ నెల మొదటి సోమవారం, సికింద్రాబాద్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో టైమింగ్ డైరెక్టర్‌గా చేరాను. రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కింద ఫర్నిచర్ షోరూం, పైన రెండంతస్తులు మావి. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. అంతకుముందు వేరే చోట్ల బొమ్మలు గీశాను గాని, ఇతరులు గీసే బొమ్మలకు సమయం కట్టే ఉద్యోగం అదే మొదటిది. నాకు అప్పగించింది ఒక టీవీ సీరియల్ పైలట్. పైలట్ అంటే ఛానెల్ వాళ్లకు చూపించే మొదటి ఎపిసోడ్. అది నచ్చితేనే మిగతావి తీయమంటారు, లేకపోతే అంతటితో సరి.

ఆ సీరియల్ ఒక అవ్వది, ఆమె గంపలో కూర్చుని ఊరంతా తిరిగే ఒక కోడిపుంజుది. పిల్లలుగా దాన్ని చూసినవాళ్లు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. నేను ప్రస్తుతం ఉంటున్న ఏ.ఎస్. రావు నగర్‌లో మందుల షాపతనికి నేను దానికి పనిచేశానని ఎలాగో తెలిసింది. అప్పట్నుంచి, పైలట్‌లో తీసేసిన సీన్లు ఉన్నాయట కదా, నిజమేనా అని కనిపించినప్పుడల్లా అడుగుతున్నాడు. నిజమే, మూడు సీన్లు తీసేశాం. అందులో అతను అనుకునేంత రహస్యమేమీ లేదు. ఒక తప్పు మాత్రం ఉంది, అది నాది.

టైమింగ్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. మామూలు సినిమాలో ఎక్కువ తీసుకుని, తర్వాత కావలసినంత ఉంచుకుంటారు. బొమ్మల సినిమాలో ఆ సుఖం లేదు. ఒక్క సెకను కదలికకు పన్నెండు బొమ్మలు చేత్తో గీయాలి. అందుకని ఏ కదలిక ఎంతసేపుండాలో గీయకముందే తేల్చి, ఎక్స్‌పోజర్ షీట్ అనే పొడవాటి గళ్ల కాగితం మీద రాస్తాం. చెయ్యెత్తడానికి ఇన్ని గళ్లు, కన్నార్పడానికి ఇన్ని. గీయబోయే ఆర్టిస్టు ఆ పని తాను చేసి చూపిస్తే, టైమింగ్ డైరెక్టర్ స్టాప్‌వాచ్ పట్టుకుని చూసి, షీటు నింపి, కింద సంతకం పెడతాడు. ఆ తర్వాత కీ యానిమేటర్ ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. వాటి మధ్య బొమ్మలు జూనియర్లు గీస్తారు. సంతకం పడ్డ షీటును వీళ్లెవరూ మార్చకూడదు. కాబట్టి మా పనిలో గీసిన సీనును కోయవలసి వచ్చిందంటే, టైమింగ్ డైరెక్టర్ ఎక్కడో లెక్క తప్పాడని అర్థం.

ఆ మూడు సీన్లూ సత్తయ్య గారివి. మా కీ యానిమేటర్లలో అందరికంటే పెద్దవారు, నలభై ఐదు దాటాయి. చాలాకాలం షాపుల బోర్డులు, సినిమా బ్యానర్లు వేసి, ఆ పని తగ్గిపోతుంటే ఇటు వచ్చారు. సీతాఫల్‌మండిలో తల్లి, భార్య, పిల్లలతో ఉండేవారు. మాట తక్కువ, పని శుభ్రం. కథలో అవ్వ సంతకు పోతూ దారి పక్కన రాయి మీద కాసేపు కూర్చుంటుంది. ఒక సీన్‌లో కూర్చోవడం, ఇంకో సీన్‌లో లేవడం, మూడో దాంట్లో మళ్లీ నడక అందుకోవడం. మూడింటికీ కలిపి స్టోరీబోర్డులో, అంటే కథను బొమ్మల వరసగా వేసుకున్న పుస్తకంలో, ఇరవై సెకన్లు రాసి ఉంది.

సత్తయ్య గారు నా టేబుల్ ముందు స్టూలేసుకుని చేసి చూపించారు. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, సగం లేచి, అక్కడ కాస్త ఆగి ఊపిరి తీసుకున్నారు. పూర్తిగా లేచాక, లేని కొంగును నడుముకు చుట్టి దోపుకున్నారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, తను కూర్చున్న చోటును ఒకసారి చూసుకున్నారు. అక్కడేమైనా మర్చిపోయానా అన్నట్టు చూసి, ఏమీ లేదని తెలిశాకే ముందుకు కదిలారు.

ఎవరిని చూసి చేస్తున్నారని అడిగాను.

“మా అమ్మ సార్. గట్లనే లేస్తది. బస్సు దిగేటప్పుడు సుత సీటు దిక్కు ఒక్కసారి చూస్తది” అన్నారు.

నాకు ముచ్చటేసింది. మళ్లీ చేయమన్నాను, ఇంకోసారి చేయమన్నాను. ఇరవై సెకన్లు ఉండవలసిన చోట యాభై సెకన్లకు షీట్లు నింపేశాను. మిగతా సీన్లలో ఎక్కడో ఒకచోట సర్దుకుందాంలే అనుకున్నాను. “జెర ఎక్కువైతలేదా సార్?” అని ఆయనే అడిగారు. ఏం కాదు, గీయండి అని సంతకం పెట్టాను. ఆయన ఐదు వారాలు కూర్చుని ఆ మూడు సీన్లు గీశారు.

సర్దుకోవడం కుదరలేదు. అన్నీ అతికి చూసేసరికి, మిగతా సీన్లలో పెరిగిన కొన్ని సెకన్లతో కలిపి, పైలట్ ఛానెల్ ఇచ్చిన నిడివి కంటే ముప్పావు నిమిషం ఎక్కువొచ్చింది. ఛానెల్ తరఫున బొంబాయి నుంచి ఒక మేడం వచ్చారు, ప్రొడ్యూసర్ హోదాలో. బుధవారం ఆవిడ ముందు పైలట్ వేశాం. కథ ముందుకు జరగని సీన్లు ఏవో చూడమన్నారు. ఎవరు చూసినా వేలు పడేది ఆ మూడింటి మీదే. అవ్వ దారిలో కూర్చోకపోయినా సంతకు చేరుతుంది. సీనులో సగం కోసి సగం ఉంచుదామంటే కదలిక తెగిపోతుంది, మళ్లీ గీయాలి, అందుకు వ్యవధి లేదు. మూడూ తీసేయాలని నిర్ణయమైపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంత నెమ్మదిగా గీసిందెవరు అని ఆవిడ అడిగారు. నేను సత్తయ్య గారి పేరు చెప్పాను. షీట్ల మీద సంతకం నాదని చెప్పలేదు. ఉద్యోగంలో ఇంకా పర్మనెంట్ కాలేదు, భయపడ్డాను. తర్వాతి ఎపిసోడ్లలో అవ్వ సీన్లు ఆయనకు ఇవ్వొద్దని ఆవిడ పుస్తకంలో రాసుకున్నారు. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

గురువారం ఎడిటింగ్ గదిలో కూర్చుని ఆ సీన్లు తీయించాను. గీసినవారికి చెప్పవలసింది ఆ రోజే. రెండుసార్లు ఆయన టేబుల్ దగ్గరకు వెళ్లాను. ఒకసారి ఎరేజర్ అడిగాను, ఒకసారి కరెంటు కోత గురించి మాట్లాడాను. చెబితే సీన్లు ఎందుకు పోయాయో చెప్పాలి, అది చెబితే మేడం ముందు ఏమన్నానో కూడా చెప్పాలి. చెప్పకుండానే నా గదికి వచ్చేశాను.

పైలట్‌ను ఛానెల్‌కు పంపేముందు, ఒక ఆదివారం ఉదయం పనిచేసినవాళ్ల ఇళ్లవాళ్లను పిలిచి చూపించడం మా స్టూడియో పద్ధతి. శనివారం సాయంత్రం సత్తయ్య గారు నా గదికి వచ్చారు.

“రేపు అమ్మను తోల్కొస్త సార్. ఆమెకు నీటికాసులంట. చూపు మెల్లమెల్లగ పోతదని చెప్పిన్రు. టీవీల వచ్చేదాంక ఉంటదో లేదో. రేపైతే చూసుకుంటది. బొమ్మల నువ్వున్నవని చెప్పిన, నాల్గు రోజుల సంది గదే అడుగుతున్నది.”

సరే, తప్పకుండా తీసుకురండి అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం పెద్ద గదిలో కుర్చీలు వేశారు. మల్లమ్మ గారు, అంటే సత్తయ్య గారి తల్లి, ముందు వరుసలో కొడుకు పక్కన కూర్చున్నారు. బక్కపలచని మనిషి, మందపు అద్దాలు, తలకు నూనె పెట్టి దువ్విన ముడి. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పైలట్‌లో అవ్వ గంప ఎత్తుకుని దారి పట్టింది. మరుక్షణం సంతలో ఉంది. ఎవరికీ ఏమీ తెలియలేదు, పిల్లలు కోడిపుంజును చూసి నవ్వుతున్నారు. సత్తయ్య గారి తల ఒక్కసారి కిందికి దిగింది, మళ్లీ లేవలేదు. మల్లమ్మ గారు మాత్రం మెడ ముందుకు చాచి చివరి దాకా చూస్తూనే ఉన్నారు.

లైట్లు వేశాక ఆమె అడిగింది నాకు వినిపించింది. “నేను రాలేదేందిరా కొడుకా?”

“ఎక్కువైందని తీసిన్రమ్మా” అన్నారాయన. నా వైపు చూడనైనా లేదు.

నేను వెళ్లి, అమ్మను ఒకసారి పైకి తీసుకురమ్మన్నాను. పై అంతస్తులో లైన్ టెస్ట్ గది ఉండేది. రంగులు వేయకముందు పెన్సిల్ బొమ్మలను కెమెరాతో ఒక్కొక్కటిగా తీసి, కదలిక సరిగ్గా ఉందో లేదో చూసుకునే చోటు. కోసిన సీన్లయినా వాటి లైన్ టెస్టులు మెషీన్లోనే ఉంటాయి. తెర దగ్గరగా ఆమెకు కుర్చీ వేసి, మూడు సీన్లూ వరసగా వేశాను.

తెల్ల కాగితం మీద నల్ల గీతలు. రంగుల బొమ్మకన్నా అదే ఆమె కళ్లకు అనుకూలంగా ఉన్నట్టుంది. ముఖం తెరకు జానెడు దూరంలో పెట్టి చూశారు. అవ్వ రాయి మీద కూర్చుంది. మోకాలి మీద చెయ్యేసి, సగం లేచి ఆగింది.

“నేనేనా? గట్ల లేస్తనా నేను?”

“గట్లనే లేస్తవమ్మా.”

అవ్వ వెనక్కి తిరిగి రాయి వైపు చూసుకున్నప్పుడు మల్లమ్మ గారు చప్పుడు లేకుండా నవ్వారు, భుజాలు కదిలాయి. నవ్వడం అయ్యాక కొడుకు వైపు తిరిగి మందలించారు. “గింత సేపు ఎందుకు గీసినవ్‌ రా? ఈమె లేచేవరకు సంత అయిపోతది. కొయ్యకుంటే ఏం చేస్తరు మరి?”

అంత సేపు ఎవరు పెట్టారో సత్తయ్య గారికి తెలుసు, షీట్ల కట్ట మెషీన్ పక్కన బల్ల మీదే ఉంది, పై కాగితం మీద నా సంతకం ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆయన ఆ కట్టను తీసి అంచులు సరిచేస్తూ నిలబడ్డారు. నన్ను కాపాడుతున్నారని అర్థమయ్యాక ఇక నిలబడలేకపోయాను. ఆమె కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను.

“అంత సేపు పెట్టింది నేనమ్మా. ఎక్కువవుతుందేమో అని మీ అబ్బాయి ముందే అడిగారు. నేను వినలేదు. తీసేసిన సంగతి కూడా ఆయనకు చెప్పలేదు. పైగా తప్పు ఆయనదే అన్నట్టు పైవాళ్ల దగ్గర ఊరుకున్నాను.”

ఆమె నా గొంతు వచ్చిన వైపు తిరిగి, నా ముఖం ఎక్కడుందో వెతుక్కున్నారు. “ఎందుకు పెట్టినవ్ బిడ్డా గంత సేపు?”

“చూడటానికి బాగుందనమ్మా.”

“బాగుందని పెట్టినవ్. మంచిదే. ఇంకోపారి వెయ్యి.”

వేశాను. మళ్లీ అడిగారు, మళ్లీ వేశాను. కిందినుంచి టీకి రమ్మని కబురొచ్చినా ఎవరూ కదల్లేదు. కాసేపటికి సత్తయ్య గారు తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఏ బొమ్మ ఏ రోజు గీశారో, కొంగు మడత రావడానికి ఎంత పరేషాన్ అయ్యారో చెప్పసాగారు. ఆయన అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. మెషీన్ ఎలా తిప్పాలో ఆయనకు తెలుసు కాబట్టి నేను బయటికి వచ్చేశాను. వరండాలో నిలబడితే కళ్లనిండా నీళ్లు.

సోమవారం మేడంకు ఉత్తరం రాశాను. ఆ మూడు సీన్ల టైమింగ్ నాది, ఆర్టిస్టు అభ్యంతరం చెప్పినా నేనే సంతకం పెట్టాను అని. వారం తర్వాత జవాబొచ్చింది. అవ్వ సీన్లు సత్తయ్య గారే గీయవచ్చు. నన్ను పర్మనెంట్ చేయడం మాత్రం స్టూడియోవాళ్లు ఆరు నెలలు వెనక్కి జరిపారు. అది న్యాయమే. సీన్లు మాత్రం తిరిగి పైలట్‌లోకి రాలేదు.

మరుసటి ఏడాది సీరియల్ టీవీలో మొదలయ్యే సరికి మల్లమ్మ గారికి వెలుతురు తప్ప మరేమీ తెలియని స్థితి వచ్చింది. మొదటి ఎపిసోడ్ వచ్చిన మర్నాడు సత్తయ్య గారు నాకు చెప్పారు. “మా గల్లీల ఆడోళ్లంతా ఇంటికొచ్చిన్రు సార్. నీ బొమ్మ టీవీల వచ్చిందంట కదా అత్తమ్మా అని అడిగిన్రు. అమ్మేమో, అండ్ల నేను లేను, నన్ను కోసిన్రు, నేనైతే చూసుకున్న అన్నది.”

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలా సీన్లు కోయించాను. ప్రతిసారీ ఎడిటింగ్ గదికి వెళ్లేముందు గీసినవాళ్ల టేబుల్ దగ్గరకు వెళ్లి, ఏ సీను పోతోందో, ఎందుకు పోతోందో, తప్పు నాదైతే నాదని, చెప్పేవాణ్ని. కొందరు కోప్పడ్డారు. ఒకరిద్దరు చాలా రోజులు మాట్లాడలేదు. కాని తమ సీను పోయిందన్న సంగతి ఇంటివాళ్ల పక్కన కూర్చుని, తెర మీద చూసి తెలుసుకోవలసి వచ్చినవాళ్లు నా దగ్గర సత్తయ్య గారి తర్వాత ఇంకొకరు లేరు.