ఎర్ర నూలు రఫ్ఫు

మా వీధి నేతగాడు మద్దయ్య వయసులో ఉన్నప్పుడు జిల్లా జట్టుకు హాకీ ఆడాడు. ఫైనల్లో భుజం దగ్గర చిరిగిన జెర్సీని, చీర అంచుకు వాడే ఎర్ర నూలుతో తానే రఫ్ఫు చేసుకున్నాడు. చాలా ఏళ్లకు భార్య బసమ్మ అతనికి చెప్పకుండా దాన్ని పాతబట్టల్లో కలిపి, స్టీలు సామాన్ల ఆమెకిచ్చి ఒక బేసిన్ తీసుకుంది.

2007లో కర్నూలు క్లబ్బులో, అద్దాల పెట్టెలో ఒక జెర్సీ భుజం మీద ఆ ఎర్ర రఫ్ఫు చూశాను. కింద చీటీ మీద 'కెప్టెన్ రాఘవేంద్రప్రసాద్ ధరించినది' అని ఉంది. నాకు ఒళ్లు మండింది. క్లబ్బువాళ్లు దాన్ని ఆదోనిలో పాతబట్టల అంగడిలో కొన్నారట. అంగడతన్ని అడిగితే, సామాన్ల ఆమె దగ్గర తీసుకున్నానన్నాడు. ఆమె బసమ్మ ఇంటి గుర్తులు చెప్పింది.

మద్దయ్యను వెంటబెట్టుకుని క్లబ్బుకు పోయాను.

"ఈ రఫ్ఫు నాదే సార్. కెప్టెనప్ప ఫైనల్ పొద్దు జరమొచ్చి బయట కూసున్యాడు," అన్నాడతను.

సెక్రటరీ నవ్వాడు. "ఈ హాలు కట్టించిందే ఆయనప్పా. సరేలే, ఇద్దరి పేర్లూ రాద్దాం. ఆయనది పైన."

"ఒక అంగీలో ఇద్దరం యాడ దూరినాం సార్? రాస్తే నా పేరొకటే రాయండి. లేకుంటే వద్దు."

"శానా పొగరుండాదే నీకు," అన్నాడు సెక్రటరీ.

నిన్న మళ్లీ పోయి చూశాను. చీటీ మారలేదు. హాలు కట్టించినవాడికి మద్దయ్య చెమట కూడా రాసిచ్చేశారు. వాళ్లు రాయరు కాబట్టి నేను రాస్తున్నాను: ఆ జెర్సీ తొడుక్కుని ఆడింది మద్దయ్య ఒక్కడే.