మర్డో కిల్టు మడతలు

ఓబన్ ఊరి బ్యాగ్‌పైపు వాద్య బృందంలో మగవాళ్లంతా కిల్టు అనే మడతల గళ్ల పావడా కట్టుకుంటారు; మర్డో ఒక్కడిదే సింథటిక్ కిల్టు. ప్రతి శనివారం దాని మడతలకు కచ్చాకుట్టు వేసి, చన్నీళ్లలో ఉతికి, తడిగుడ్డ కప్పి సన్నసెగతో ఇస్త్రీ చేస్తాడు. పదేళ్లుగా ఒక్క మడతా చెదరలేదు. అయినా పక్కన వాయించే లాక్లన్ కట్టుకునే తాతగారి ఉన్ని కిల్టు చూస్తే అతని కడుపు రగిలిపోతుంది. మొన్న ఊరేగింపుకు ముందు దాని అంచున చిల్లు కనబడేసరికి మర్డోకు ప్రాణం లేచొచ్చింది.

“ఏరా, చిమ్మటలకు విందు పెట్టావా? నాదాన్ని పురుగు కూడా ముట్టదు!”

లాక్లన్ ఆ చిల్లును ముద్దుగా తడిమాడు. “చిమ్మట కాదురా. తాత పెళ్లిరోజున సిగరెట్టు నిప్పు పడింది. నానమ్మ చచ్చేదాకా దెప్పుతూనే ఉంది.”

మర్డో తన కిల్టును చుట్టూ తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు.