రోడ్డు మూతల పుస్తకం

రిటైరైన లేత్ మిషను మేస్త్రి పొద్దున్నే చీపురు, కాగితం, బొగ్గుముక్క పట్టుకుని బయల్దేరతాడు. కనబడిన ప్రతి మ్యాన్‌హోల్ మూతనీ ఊడ్చి, దాని మీద కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది అచ్చు తీస్తాడు. దగ్గరి గుమ్మానికి ఎన్ని అడుగుల దూరమో పక్కనే రాసి, ఆ కాగితాలన్నీ పుస్తకంగా కుట్టుకుంటాడు. "మా గిన్నెల మూతలు కూడా రాసుకో మరిదీ," అని వదిన ఏడిపించేది.

మొన్న ఆవిడ వంటింట్లోకి మురుగు ఎగదన్నింది. కొత్త తారు కింద మూత ఎక్కడుందో పనివాళ్ళకి అంతుపట్టలేదు. మేస్త్రి పుస్తకం తిరగేసి, గుమ్మం నుంచి పదకొండు అడుగులు వేసి, "ఇక్కడ తవ్వండి," అన్నాడు. గడ్డపార ఠంగుమంది. మూత లేచింది. పనివాళ్ళు వెదురుబద్దతో లోపలి అడ్డు తీసేసరికి వంటింట్లో మురుగు గుటగుటా దిగిపోయింది. "చల్లగా ఉండు నాయనా, ఇక మూసెయ్యమను," అంది వదిన. మేస్త్రి మూతని బోర్లా తిప్పించి కాగితం పరిచాడు. "వెనకవైపు ఇన్నాళ్ళూ దొరకలేదు వదినా. ఆ కొస కాస్త పట్టుకో." వదిన ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుంది.