ఎడమ వైపు ఎవరూ లేరు

కోవిడ్ తర్వాత రెండో వేసవిలో నార్త్ కరోలినాలోని క్యారీలో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌కు మేనేజర్‌గా చేరాను. అది నా ఆఖరి ఉద్యోగం. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లండ్‌లో కింది అంచెల క్లబ్బుల్లో పనిచేశాను. టీవీలో కనిపించే లీగ్ అన్నిటికంటే పైన ఉంటుంది. అక్కడి నుంచి నాలుగైదు మెట్లు దిగితే ఆటగాళ్లు పగలు ప్లంబర్లు, పోస్ట్‌మెన్, సాయంత్రం డిఫెండర్లు. నేను బతికింది ఆ మెట్ల మీద. అక్కడ మేనేజర్ అంటే జట్టు ఎంపిక, శిక్షణ, ఆటగాళ్లతో బేరాలు, మనిషి రాకపోతే గోల్ వలలు కట్టడం కూడా. అమెరికాలో అదే పనికి హెడ్ కోచ్ అని పేరు. పేరు మారింది గానీ వలలు కట్టే పని తప్పలేదు.

విశాఖపట్నం నుంచి వ్యాయామ విద్య చదవడానికి ఇంగ్లండ్ వెళ్లినవాణ్ని ఈ రంగంలో ఎలా నెగ్గుకొచ్చానని చాలామంది అడుగుతారు. నెగ్గుకొచ్చింది ఒకే ఒక్క పద్ధతితో. కింది అంచెల్లో మంచి కాళ్లు కొనే స్తోమత ఎవరికీ ఉండదు. నోళ్లు మాత్రం ఉచితం. అందుకని డిఫెండర్లకు మాట్లాడడం నేర్పేవాణ్ని. గోల్ ముందు నలుగురు వరుసగా నిలబడతారు. మధ్యలో ఆడే ఇద్దరిలో ఒకడు మిగతా ముగ్గుర్నీ పేరు పెట్టి పిలిచి ముందుకు జరగమనో, వెనక్కి తగ్గమనో చెబుతూ ఉండాలి. ‘టక్ ఇన్’ అంటే పక్క గీత వదిలి మధ్యకు రమ్మని. ఆ మాటలు సరిగ్గా పడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి మైదానానికి వీపు తిప్పి నిలబడి వినేవాణ్ని. కంటికి ఆట అందంగా కనబడి మోసం చేస్తుంది. చెవికి ఆ మోసం తెలియదు. మ్యాచ్ మధ్యలో కూడా కాసేపు అలా నిలబడడం నాకు అలవాటు. క్యారీలో ప్రేక్షకులు దాన్ని నా పొగరు అనుకునేవారు.

అక్కడ నా సెంటర్ బ్యాక్, అంటే ఆ నలుగురిలో మధ్యన ఉండి పిలవాల్సినవాడు, రోహన్ అనే తెలుగు కుర్రాడు. జార్జియాలోని అల్ఫారెట్టాలో పుట్టి పెరిగాడు. పాతికేళ్లు దాటాయి. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం మా దగ్గర ఆట. ఎత్తు ఉంది, వేగం ఉంది, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే తెలివి ఉంది. నోట్లో నాలుక మాత్రం లేదు. అందరూ నన్ను కోచ్ అంటే వాడొక్కడే అంకుల్ అనేవాడు. సీజన్ పొడుగునా అరవరా అని నేను వాడి మీద అరిచాను. వాడు తలూపేవాడు, నవ్వేవాడు, మళ్లీ మౌనంగా ఆడేవాడు.

ఆగస్టులో, సీజన్ ఆఖరి మ్యాచ్‌కు, పై అంచె ప్రొఫెషనల్ క్లబ్ నుంచి ఒక స్కౌట్ వస్తున్నాడని కబురు వచ్చింది. ఆటగాళ్లను వెతికి చూసి వెళ్లడమే స్కౌట్ పని. వస్తున్నది రోహన్ కోసమే. ఆ వారం శిక్షణ అయ్యాక వాడు నా కార్ దగ్గరికి వచ్చాడు.

“అంకుల్, దిస్ ఈజ్ ఇట్. ఈసారి పిక్ చేయకపోతే నేను ఇంక ట్రై చేయను. జాబ్ చేసుకుంటాను,” అన్నాడు.

వాడు అంత పెద్ద మాట మాట్లాడడం అదే మొదటిసారి.

మా ఆట ఒక హైస్కూల్ మైదానంలో జరిగేది. అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు, మా గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. కొత్తవాడికి ఏ గీత ఎవరిదో తెలిసేది కాదు. ఆ శనివారం మధ్యాహ్నం ఆకాశం మూసుకుపోయి ఉంది. ఆకు కదలడం లేదు. చూడ్డానికి వచ్చిన కొద్దిమంది దూరంగా బల్లల మీద కూర్చున్నారు. మైదానంలో ఎవరు గొంతు ఎత్తినా స్పష్టంగా వినిపిస్తోంది.

మొదటి సగం మధ్యలో గాలిలో ఉన్న బంతి కోసం ఎగిరినప్పుడు అవతలి ఫార్వర్డ్ నుదురు రోహన్ కణతకు తగిలింది. ఇద్దరూ పడ్డారు. మా అథ్లెటిక్ ట్రైనర్ స్రవంతి పరుగెత్తింది. ఈ అంచెలో బెంచి మీద డాక్టరు ఉండడు, ట్రైనర్ ఉంటారు. తలదెబ్బ విషయంలో ఆవిడ మాటే చివరి మాట, నా మాట చెల్లదు. ఆవిడ అడగవలసినవన్నీ అడిగింది: ఏ మైదానం, ఏ సగం, స్కోరెంత, కిందటి వారం ఎవరితో ఆడారు. అన్నిటికీ సరిగ్గా చెప్పాడట. నడక చూసింది, కళ్లు చూసింది.

“ఇప్పటికైతే క్లియర్‌గానే ఉన్నాడండీ. కానీ నేను వాచ్ చేస్తూనే ఉంటా. డౌట్ వస్తే లాగేస్తా, మీరు వద్దనకూడదు,” అంది.

నేను వద్దనేవాణ్ని కాదని ఆవిడకూ తెలుసు.

ఆట మళ్లీ మొదలైంది. రోహన్ నోరు విప్పాడు. సీజనంతా నేను వినాలనుకున్న గొంతు ఒక్కసారిగా మైదానమంతా నిండిపోయింది. ‘స్టెప్’ అన్నాడు, వరుస ముందుకు జరిగింది. ‘డ్రాప్’ అన్నాడు, వెనక్కి తగ్గింది. అవతలివాళ్లు మూడుసార్లు దూసుకొచ్చి మూడుసార్లూ బంతి తన్నేసరికే మా వరుస దాటి ఉండి ఆఫ్‌సైడ్ తప్పులో చిక్కుకున్నారు. బల్లల మీద స్కౌట్ ముందుకు వంగి కూర్చున్నాడు. నాకు కడుపు నిండినట్టయింది. తృప్తిగా మైదానానికి వీపు తిప్పి వినడం మొదలుపెట్టాను.

“మార్కస్, టక్ ఇన్. మార్కస్, గుడ్.”

మా జట్టులో మార్కస్ అనేవాడు లేడు.

అలా మధ్యకు రావలసిన మా లెఫ్ట్ బ్యాక్, వరుసలో ఎడమ చివరివాడు, పేరు టైలర్. మారుపేరు ఏమైనా పెట్టారేమో అనుకున్నాను. మళ్లీ వినిపించింది. అదే పేరు, అదే నిబ్బరం. ఏళ్ల తరబడి కలిసి ఆడినవాణ్ని పిలిచే చనువు ఆ గొంతులో ఉంది. నేను వెనక్కి తిరిగాను.

మాకు కార్నర్ కిక్ దొరికింది. మిగతావాళ్లతో పాటు టైలర్ కూడా అవతలి గోల్ దగ్గరికి వెళ్లి ఉన్నాడు. మా సగంలో గోల్‌కీపర్, రోహన్ తప్ప మనిషి లేడు. రోహన్ ఎడమ వైపు ఖాళీ గడ్డికేసి చూస్తూ చేత్తో ఇంకాస్త లోపలికి జరగమని సైగ చేశాడు. కాసేపు ఆగాడు. ఎవరో జరిగినట్టు తలాడించి బొటనవేలు పైకెత్తి చూపించాడు. అంతలో నవ్వాడు కూడా. అటువైపు నుంచి ఎవరో ఏదో జోక్ వేసినట్టు నవ్వాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో విరిగిన కాళ్లు చూశాను, రక్తం చూశాను. ఎప్పుడూ అంత భయం వేయలేదు. ఆ గడ్డి మీద ఎవరైనా ఉన్నారా అని నేనూ ఒకసారి చూశానంటే నా స్థితి అర్థం చేసుకోండి.

స్రవంతిని పిలిచే పని లేకపోయింది. ఆవిడ అప్పటికే గీత దగ్గర నిలబడి రిఫరీకి చేయి ఊపుతోంది. రోహన్ పేచీ పెట్టకుండా బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ముఖం ప్రశాంతంగా ఉంది.

“అంకుల్, మార్కస్ టైర్డ్ ఉన్నాడు. వాడిని తీయండి. నేను ఓకే,” అన్నాడు.

“సరే నాన్నా, వాణ్ని కూడా తీస్తాను,” అన్నాను.

స్రవంతి అప్పటికే అంబులెన్స్‌కు ఫోన్ చేస్తోంది. అది వచ్చేలోగా రోహన్ నీళ్లు అడిగాడు. సీసా ఇస్తే సగం తాగి, మిగతా సగం తన ఎడమ పక్కన ఖాళీగా ఉన్న చోట జాగ్రత్తగా పెట్టాడు. స్కౌట్ బల్ల దిగి వెళ్లిపోతున్నాడు.

ఆసుపత్రిలో స్కాన్ తీస్తే తలలో సన్నగా రక్తం కారుతోందని తేలింది. ఇంకో దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పింది. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆపరేషన్ లేకుండానే తగ్గింది.

కబురు అందుకుని వచ్చిన రోహన్ వాళ్లమ్మను కారిడార్‌లో మార్కస్ ఎవరని అడిగాను.

“అల్ఫారెట్టాలో వీడి స్కూల్ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్ అండీ. వీడికి బెస్ట్ ఫ్రెండ్. ఎప్పుడూ మా ఇంట్లోనే ఉండేవాడు. ఇప్పుడు బెంటన్‌విల్‌లో ఏదో జాబ్ చేస్తున్నాడు, బానే ఉన్నాడు,” అంది. మళ్లీ తనే, “వాడు ఉన్నప్పుడు మావాడు బాగా అరిచేవాడండీ ఫీల్డ్‌లో. మార్కస్ వాళ్లు వేరే ఊరు మూవ్ అయిపోయాక మానేశాడు,” అంది.

పేరు తప్పని ఎందుకు చెప్పలేదని టైలర్‌ను అడిగాను. పేరు పట్టించుకోలేదనీ, ఆ గొంతు ఎటు వెళ్లమంటే అటు వెళ్లాననీ, ప్రతిసారీ అది సరైన చోటే అయిందనీ చెప్పాడు. కింది అంచెల్లో ఏటేటా సగం జట్టు మారిపోతుంది. తప్పు పేరుకు పలకడం మా వాళ్లకు మామూలే.

మరుసటి వారం స్కౌట్ ఫోన్ చేశాడు. రోహన్ కోలుకున్నాక ట్రయల్‌కు, అంటే కొన్నాళ్లు తమతో ఆడి చూపించడానికి, పంపమన్నాడు. కాళ్లు బాగున్నాయి గానీ తమకు కావలసింది ఆ గొంతు అన్నాడు. ఆ గొంతు ఎవరితో మాట్లాడిందో దాచకుండా చెప్పాను. ఆయన, చూసింది చూశాను కదా అన్నాడు.

మళ్లీ ఆడవచ్చని డాక్టరు అనుమతి ఇచ్చాక ఆ కబురు, మ్యాచ్ వీడియో పట్టుకుని రోహన్ ఇంటికి వెళ్లాను. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆసుపత్రి దాకా వాడికి ఏమీ గుర్తు లేదు. హాల్లో టీవీకి కలిపి, వాళ్లమ్మతో సహా ముగ్గురం చూశాం. తెర మీద తన గొంతు మొదలవగానే రోహన్ వెన్ను నిటారుగా పెట్టాడు. బొటనవేలు పైకెత్తిన చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూశాడు. వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

“హి ఈజ్ సో గుడ్, అంకుల్,” అన్నాడు చివరికి.

“అది నువ్వేరా.”

“కాదు అంకుల్. నాకు అది రాదు. ట్రయల్‌కి నేను వెళ్తే, వాళ్లు ఇతని కోసం వెయిట్ చేస్తారు. ఇతను రాడు.”

నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ సీజన్‌తో ఆట మానేశాడు. స్కౌట్‌కు నేనే ఫోన్ చేసి రోహన్ రావడం లేదని చెప్పాను. ఆయన కారణం అడగలేదు.

ఆ తర్వాత ఇంకో రెండు సీజన్లు పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. ఆట బాగుండడం మనిషి బాగున్నాడనడానికి రుజువు కాదు. తలకు దెబ్బ తగిలినవాడు తడబడితే అందరికీ కనబడుతుంది, ఎవరో ఒకరు ఆపుతారు. ఉన్నట్టుండి తన స్థాయికి మించి ఆడేవాణ్ని ఆపడానికి ఎవరికీ మనసు రాదు. ఆ మనిషిని మేనేజరే ఆపాలి.